ఈ కుండ ఎవరిది?

వేసవి సెలవులకు కొంచెము ముందు ఒకనాడు ఎనిమిదవ తరగతిలో నేను సమాసములు బోధించుచుండగా, వెనుకబల్లపై కూర్చుండు బాలుడొకడు లేచివచ్చి, పాతగుడ్డలో చుట్టి తెచ్చిన కుండపెంకు నొకదానిని నా మేజాపై నుంచెను. అది అరచేతి వెడల్పుది. లోపలివైపు కాటుకవలె నల్లగా నుండెను. వెలుపల అంచు దగ్గర నలుపై, క్రిందికి పోనుపోను ఎరుపు తిరిగి యుండెను. వ్రేలితో తాకిన నూనె రాచినట్లు నున్నగా నుండెను. "మా చేన్లో దొరికింది అయ్యవారూ. ఇది తెలుగువాళ్లదా, కన్నడంవాళ్లదా?" అని వాడడిగెను.

నేను బదులు చెప్పులోపలనే తరగతి రెండు పక్షములయ్యెను. ఒకడు "మనదే" యనెను. మరియొకడు, ఊరిపేరు కన్నడము గావున కుండయు కన్నడిగులదే యనెను. మూడవవాడు, ఎవరిదియు కాదు, రాక్షసులది అని వాని అవ్వ చెప్పినదనెను. మన సీమలో పెద్దరాళ్ళతో కట్టిన ప్రాచీన సమాధులను తెలుగువారు రాక్షసగుళ్ళనియు, కన్నడిగులు మోరియర మనెలనియు అనుట గలదు. మూడు సమాధానములలో ఆ అవ్వ చెప్పినదే సత్యమునకు కొంత దగ్గరగా నున్నదని నాకు తోచినది. ఏలయన, ఆ కుండ చేసినవారి పేరు తనకు తెలియదని ఆమె ఒప్పుకొనినది. ఆనాడు పాఠము మరి సాగలేదు.

మరునాటి ఆదివారము ఆ బాలుని యూరికి పోయితిని. వాని తండ్రి సన్నకారు రైతు. చేను చదును చేయించుచుండగా యంత్రపు పండ్లకు వరుసగా మూడు బానలు తగిలినవట. పాతర దొరికినదని తలచి, రాత్రివేళ లాంతరు పెట్టుకొని గడ్డపారతో మూడింటిని పగులగొట్టిరట. నాణెము లేదు, నగ లేదు. బూడిదరంగు మన్ను, ఎముకల తునకలు, చిన్న గిన్నె యొకటి, త్రుప్పు పట్టిన ఇనుపముక్క యొకటి బయటపడినవి. తెల్లవారకమునుపే అన్నియు తీసికొనిపోయి వంకలో పారవేసిరి. పిల్లవాడు ఆ పెంకును దాచుకొనినాడని తెలిసి తల్లి వానికి పసుపునీళ్ళతో తలంటు పోయించెను. "అవి దెయ్యాల కుండలు గదా సామీ, ఇంట్లో పెట్టుకుంటే ఇల్లు బాగుపడుతుందా?" అని ఆ రైతు నన్నడిగెను. నాకు ఆయనపై కోపము రాలేదు. అవి యేమియో ఆయనకు చెప్పినవారెవరు? నేను ఈ ప్రాంతములో పదునెనిమిదేండ్లుగా ఉపాధ్యాయుడనై యుండియు ఒక్కనాడైనను చెప్పలేదు. ఆ లోటు తీర్చుకొనుటకే ఈ వ్యాసము. మన పత్రిక పిల్లలకేగాక వారి తల్లిదండ్రులకు గూడ చేరును గనుక ఇరువురిని ఉద్దేశించియే వ్రాయుచున్నాను.

మొదట పెంకు సంగతి. ఒకే కుండ లోపల నల్లగా, బయట ఎర్రగా ఉండుటకు రెండు రంగులు పూయలేదు. బంకమన్నులోని ఇనుము గాలి తగులుచు కాలినచో ఎరుపెక్కును. గాలి అందక పొగలో కాలినచో నలుపెక్కును. కుండను ఆవములో బోర్లించి, లోపల ఆకుఅలము నింపి కాల్చినచో ఈ రెండు రంగులును ఒకేసారి వచ్చునని పండితులు చెప్పుదురు. ఈ నలుపు ఎరుపుల కుండలు దక్షిణదేశమున ఇనుపయుగపు పెద్దరాతి సమాధులలో, స్థూలముగా క్రీ.పూ. 1200 మొదలు క్రీ.పూ. 300 వరకు, విరివిగా కనబడును. వాని సొగసు గీతలలో గాదు, రంగులోను నునుపులోను ఉన్నది. కొన్నింటిపై మాత్రము కాల్చిన పిదప గీకిన గుర్తులు కనబడును. అవి యజమానుల గుర్తులో, కుమ్మరుల గుర్తులో, మరేమో నేటికిని వాదముగనే యున్నది.

మనకు దగ్గరగా ఇట్టి సమాధులను శాస్త్రీయముగా త్రవ్విన చోటు బ్రహ్మగిరి. అది చిత్రదుర్గ జిల్లా మొళకాల్మూరు తాలూకాలో, మన యూరినుండి ఒక్కపూటలో పోయిరాదగిన దూరమున నున్నది. 1947లో మార్టిమర్ వీలరు గారు అచట త్రవ్వకము జరిపి, క్రిందినుండి పైకి మూడు సంస్కృతుల పొరలను వేరుచేసి చూపిరి. అడుగున రాతిగొడ్డళ్ళవారు, నడుమ పెద్దరాతి సమాధులవారు, పైన తొలి చారిత్రక కాలమువారు. నడిమివారి సమాధి యొక రాతిపెట్టె. నాలుగు బండలు నిలిపి, పైన ఒక బండ మూసి, ఒక బండకు గుండ్రని కంత తొలిచెడివారు. లోపల కుండలు, ఇనుపపనిముట్లు, ఎముకలు. ఆ ఎముకలు చాలచోట్ల ఒకరివి గావు, పూర్తిగను ఉండవు. అనగా దేహము వేరొకచోట మట్టిలోనో గాలిలోనో కృశించిన పిదప, మిగిలిన యెముకలను ఏరి తెచ్చి ఇచట ఉంచిరన్నమాట. కుండలు మాత్రము వరుసగా పేర్చి యుండును. చచ్చినవారికి అన్నము పెట్టు గిన్నె, నీరు పోయు పాత్ర, వానిని నిలుపు కుదురు: వంటయిల్లు వంటయిల్లే సమాధిలో చేరినట్లుండును.

ఇంకను పూర్వులైన రాతిగొడ్డళ్ళవారి విషయము వేరు. వారికి ఇనుము తెలియదు. బూడిదరంగు కుండలను చేతితో మలచి, కాల్చిన పిదప వానిపై జేగురుతో పట్టెలు తీర్చెడివారు. కాల్చిన పిదప పూసిన రంగు నీళ్ళు తగిలిన పోవును; నిత్యము కడుగు కుండకు అట్టి రంగు నిలువదు. ఐనను తీర్చిరి. ఇది నాకు చాల నచ్చిన సంగతి.

అయితే ఈ విషయమంతటిలో నా మనస్సును ఎక్కువగా పట్టి యుంచినవి చంటిబిడ్డల సమాధులు. బ్రహ్మగిరిలో రాతిగొడ్డళ్ళవారు పెద్దవారిని నేలలో చాపుగా పండబెట్టి పూడ్చిరి; పసిబిడ్డలను మాత్రము కుండలలో నుంచిరి. బళ్ళారి జిల్లాలోనే సిరుగుప్ప తాలూకా తెక్కలకోటలో 1960 దశకమున నాగరాజరావు గారు త్రవ్వినప్పుడు గూడ కుండ సమాధులు బయటపడినవి. అచట కొందరు పెద్దవారికి సైతము పెక్కు కుండలను ఒకదాని కొకటి చేర్చి అడ్డముగా పరచి, వానిలో దేహమునుంచిన రీతి కనబడినది.

ఈ యాచారము మహారాష్ట్రమున మరింత స్పష్టముగా తెలిసినది. పూనా జిల్లా ఇనాంగాంలో డెక్కన్ కళాశాల విద్వాంసులు 1968 మొదలు 1983 వరకు ఏండ్ల తరబడి త్రవ్విరి. అది సుమారు మూడువేల యేండ్లనాటి వ్యవసాయపు పల్లె. అచట రెండువందలకు పైగా సమాధులు దొరకగా, వానిలో అధికభాగము పసిబిడ్డలవే. ఊరి వెలుపల శ్మశానమున గాదు. ఇంటిలోపల, నేలయే త్రవ్వి పాతిరి. రెండు ముతక బూడిదరంగు కుండలను మూతికి మూతి చేర్చి పండబెట్టి, ఆ రెండింటి నడుమ బిడ్డను పరుండజేసిరి. ఆ రెండు కుండలపై చిత్రమేదియు లేదు. కాని ప్రక్కన ఉంచిన చిన్నపాత్రలు చూడుడు! కొమ్ముచెంబువలె మూతిగొట్టము గల ఎర్రని పాత్ర, నడుము విరిగిన గిన్నె, రెండింటిపైనను నల్లని రంగుతో అల్లిక గీతలు, త్రికోణములు, గళ్ళు. వీనిని జోర్వే కుండలందురు. అనగా బిడ్డను మోయు పాత్ర సాదాది. బిడ్డకు తోడుగా పంపిన పాత్ర అలంకరించినది. తల్లి ఆ నేలమీదనే మరల అలికినది, పొయ్యి రాజేసినది, మిగిలిన బిడ్డలకు అన్నము పెట్టినది. చెంబు గొట్టము నుండి నీళ్ళు త్రాగింపదగిన వయస్సు ఆ బిడ్డకు వచ్చియుండకపోవచ్చును గూడ.

ఎందుకు ఇంటిలోనే పాతిరి? బిడ్డ ఇల్లు విడిచి పోరాదనియా? మరల అదే తల్లి కడుపున పుట్టవలెననియా? కుండను గర్భముగా భావించిరా? చెప్పువారు పలువిధముల చెప్పిరి. అదే పల్లెలో పెద్దవారి కాళ్ళు చీలమండ దగ్గర తెగియుండుట చూచి, చచ్చినవారు దయ్యములై నడచి పోకుండ అట్లు చేసిరని కొందరూహించిరి. ఒక నడివయసు పురుషుడు మాత్రము కాళ్ళు తెగకుండ, నాలుగు కాళ్ళుగల పెద్ద మట్టిబానలో కూర్చున్నట్లు దొరకెను. ఆయనతోనున్న కుండపై తెడ్లు గల పడవ బొమ్మ గీసియున్నది. పరలోకపు నదిని దాటించు పడవ యని మనకు వెంటనే తోచును. వైతరణి మనకు తెలిసిన కథ గదా! కాని ఆ గ్రామము ప్రక్కనే ఘోడనది పారుచున్నది. ఆయన బ్రతికినన్నాళ్ళు ఆ నదిలో నిజమైన పడవ నడిపియుండవచ్చును.

విద్యార్థులు ఇచ్చట ఒక్క క్షణము నిలువవలెను. చిత్రమును చూచుట వేరు, దానికి అర్థము చెప్పుట వేరు. దీనికి అందరును చెప్పుకొను దృష్టాంతము హరప్పాలోని "హెచ్" శ్మశానము. నేడది పాకిస్తానమున నున్నది. సింధునాగరికత క్షీణించిన పిదప, సుమారు క్రీ.పూ. 1900 తరువాత, అచటివారు ఎముకలను పెద్ద ఎర్రబానలలో నుంచి పాతిరి. ఇచట ఇనాంగాం పద్ధతికి తలక్రిందు: బొమ్మలు బానలమీదనే యున్నవి. భుజముచుట్టు నల్లరంగుతో నెమళ్ళు, పొడవైన కొమ్ముల పశువులు, నక్షత్రములు, ఆకులు. కొన్ని నెమళ్ళ బొజ్జలో చిన్న మనుష్యాకృతి యొకటి అడ్డముగా పరుండి యుండును. ఆ శ్మశానమును త్రవ్విన మాధోస్వరూప వత్సు గారు, నెమలి జీవుని పరలోకమునకు మోసికొనిపోవుచున్నదని వ్యాఖ్యానించి, వేదములతో పోల్చిరి. అందమైన వ్యాఖ్యానము. నేనును తరగతిలో చెప్పియున్నాను, పిల్లలు నిశ్శబ్దముగా వినిరి. కాని ఆ కాలమునాటి ఆ రీతి కుండలే నివాసస్థలముల పొరలలో గూడ తరువాతి త్రవ్వకములలో దొరకినవి. కనుక ఆ కుండల తీరు చావుకొరకే పుట్టినది కాదు. నెమలిబొజ్జలోని మనిషి జీవుడో, మరియేదైన కథలోని పాత్రయో, వారే చెప్పవలెను. వారు చెప్పుటకు వ్రాత మిగుల్చలేదు.

చీనాదేశమున ఇంతకంటె పెద్ద పొరపాటు జరిగెను. 1923, 1924 సంవత్సరములలో ఆండర్సను అను స్వీడను దేశపు పండితుడు కాన్సు రాష్ట్రమున పాన్షాను శ్మశానముల కుండలను చూచెను. నలుపు ఎరుపు సుడులు, వాని అంచున రంపపు పండ్లవంటి గీతలు. ఆ రంపపు గీతలు మృత్యువునకు సంకేతమనియు, అట్టి కుండలు సమాధికొరకే చేయబడినవనియు అప్పుడు సిద్ధాంతమేర్పడినది. పిమ్మట అట్టి గీతల కుండలే మనుష్యులు కాపురమున్న చోట్ల గూడ దొరకగా ఆ సిద్ధాంతము నిలువలేదు. అందులో మనకొక పాఠము గలదు: ఆ పండితుడు చూచిన కుండలలో చాలవరకు పల్లెజనులు త్రవ్వి అంగడికి తెచ్చి అమ్మినవి. ఎక్కడ, ఏ యెముక ప్రక్క, ఏ లోతున దొరకెనో తెలియని కుండను చూచి కథ కల్పించుట సులభము.

ఇక మన యాచారముల సంగతి. మా తాతగారు పోయినప్పుడు మా తండ్రిగారు నీళ్ళకుండ భుజమునబెట్టుకొని చితిచుట్టు తిరిగిరి. ప్రతి చుట్టునకు వెనుకనుండి ఒకరు కుండకు చిల్లి పెట్టిరి. ముమ్మారు తిరిగిన పిదప కుండను వెనుకకు విడిచి, వెనుదిరిగి చూడక వచ్చిరి. పిదప ఎముకలను ఏరి మట్టికుండలో నుంచి నదిలో కలిపిరి. ఈ పంక్తులు చదువు పిల్లలలో పెక్కుమంది తమ యింట దీనిని చూచియే యుందురు. పండ్లురాని పసిబిడ్డను దహనము చేయక మన్నులో పెట్టుటయు మనలో గలదు. దేహమును ఘటమనుట మన భాషలో నేటికిని ఉన్నది. ఆ పెంకు నా మేజామీదికి వచ్చిననాడు నేను విడదీయుచున్న సమాసము ఏదో చెప్పినచో మీరు నవ్వుదురు: కుంభసంభవుడు.

ఇన్ని పోలికలు చూపినవాడనై, ఆ కుండలవారు మా ముత్తాతలే అనుట నాకేమంత కష్టము కాదు. కాని అనను. కుండ పగులుట చావునకు గుర్తుగా తీసికొనుట మనకొక్కరికే తట్టిన యూహ గాదు. అమెరికాఖండమున న్యూమెక్సికోలో మింబ్రెసు లోయవారు, సుమారు వేయియేండ్ల క్రిందట, చేపలను పక్షులను చక్కగా చిత్రించిన గిన్నెలను ఇంటినేలలో పాతిన మృతుల తలలపై బోర్లించి, అడుగున చిల్లి పొడిచెడివారు. వారికిని మనకును చుట్టరికమేమి? మట్టితో చేసిన పాత్ర, మట్టిలో కలియు దేహము: మనుష్యుడెక్కడనున్నను ఈ రెండింటిని ఒకచోట చేర్చి తలపోయును. పోలిక కనబడినంతమాత్రమున వంశవృక్షము గీయరాదు.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తును. మనము ఇచట అల్పసంఖ్యాకులము గనుక ఈ ప్రశ్న మనకు ఊరకే పుట్టదు. పెద్దలు ఇంటిలో మాటాడుకొనునది పిల్లలు బడికి తెత్తురు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్ళారి జిల్లా రెండుగా చీలినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి; బళ్ళారి మొదలగునవి మైసూరునకు చేరినవి. ఆ గీతకు అటునిటు ఒకే విధమైన బూడిదదిబ్బలు, ఒకే విధమైన రాతిగొడ్డళ్ళు, ఒకే విధమైన కుండపెంకులు. కుండ పాతిన వానికి తాలూకా యేదో తెలియదు.

భాష సంగతి యింకను స్పష్టము. కన్నడమున మొదటిదిగా చెప్పు హల్మిడి శాసనము క్రీ.శ. 5వ శతాబ్దపుది. తెలుగున మొదటిదిగా చెప్పు కలమళ్ళ శాసనము 6వ శతాబ్దపుది. మన బాలుడు తెచ్చిన పెంకు వంటివి అంతకు ఎన్నియో వందల యేండ్లు ముందువి. బ్రహ్మగిరి కొండకడనే అశోకుని శాసనము గలదు. అచట దొరకిన తొలివ్రాత తెలుగు గాదు, కన్నడము గాదు, ప్రాకృతము. ఆ సమాధులవారు ఏ మాట పలికిరో కుండ చెప్పజాలదు. ఏదో ద్రావిడభాష యనుకొనువారున్నారు, అది కావచ్చును. కాని అప్పటి భాషను నేటి మన పలుకుబడితో పోల్చి "మనది" యనుట, ఆవపు పొగను చూచి వండిన కూర పేరు చెప్పినట్లుండును.

వీలరు గారు తమ మూడవ పొరకు "ఆంధ్ర సంస్కృతి" యని పేరు పెట్టిరి. ఎరుపుపై తెల్లని సన్నగీతలు తీర్చిన కుండలు ఆ పొరలోనివి. ఈ పేరు చూపి మన పెద్దలు కొందరు, బ్రహ్మగిరియే మనదని ఋజువయినదని చెప్పగా విన్నాను. ఆ పేరు పురాణములలో ఆంధ్రులని చెప్పబడిన శాతవాహనరాజుల ననుసరించి పెట్టినది. నేటి తెలుగు మాటాడువారిని గూర్చి గాదు. పరుల గొప్పను మనది చేసికొనుట ఎట్టిదో, ఒక పేరును లాగి మనకు అనుకూలముగా సాగదీయుటయు అట్టిదే. అవతలివారు చేయుచుండగా మనమేల మానవలెనని అడుగుదురు. అడుగుటలో బాధ యున్నదని నాకు తెలియును. మన బడిలో తరగతులు తగ్గుచున్నవి. తెలుగు చదివి ఏమి లాభమని మన యిండ్లలోనే అనుచున్నారు. ఇచట మనకు వేరులున్నవని పిల్లలకు చూపవలెనను ఆరాటము సహజము. కాని మన పిల్లలు తెలుగున చదువుకొను హక్కు రాజ్యాంగపు 30వ, 350-ఎ అధికరణముల వలన కలిగినది. మూడువేల యేండ్లనాటి కుండ మనది కాకపోయినను ఆ హక్కు పోదు. మనదే అయినను ఆ హక్కు పెరుగదు. హక్కును కుండపై నిలిపినచో, రేపు వేరొకడు వేరొక కుండ తెచ్చును.

అసలు ఆపద వాదములో లేదు, గడ్డపారలో నున్నది. గనులు, రాతిక్వారీలు, చదును చేయు యంత్రములు, అన్నింటికి మించి నిధుల భ్రమ. సంగనకల్లు కుప్పగల్లు కొండలలో రాతిగొడ్డళ్ళు చేసిన చోట్లకు, బండలపై గీసిన బొమ్మలకు క్వారీల వలన ముప్పు కలిగినదని లోకమంతయు వినినది. అవి పెద్దవారి చేతిలోని పనులు. మన చేతిలో నున్నది మన చేను. సమాధి కుండలో బంగారముండునని తలచుట చాలవరకు వ్యర్థము. తెక్కలకోటలో చిన్న బంగారుసొమ్ము దొరకినమాట నిజమే. అది పండితులు నెలలతరబడి మన్ను గీకి గీకి చూడగా దొరకినది, గడ్డపారపోటునకు గాదు. సమాధి కుండ విలువ దానిలో నున్న వస్తువులో లేదు. వస్తువులున్న అమరికలో నున్నది. గిన్నె ఎముకకు ఏవైపున నున్నది, ఇనుము పైన నున్నదా క్రింద నున్నదా, బాన మూతి ఏ దిక్కున నున్నది: ఇవియే ఆ మనుష్యులు విడిచిన మాటలు. కుండను పైకి తీసిన క్షణముననే ఆ మాటలు పోవును.

ఈ మాట అనుటకు నాకు అర్హత కొంచెము తక్కువ. కర్నూలులో ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న రోజులలో మిత్రులతో బనగానపల్లె వైపు పోయితిని. అచటి పాతపాడు పేర ప్రసిద్ధమైన రంగుగీతల కుండలను వెనుక రాబర్టు బ్రూసు ఫూటు దొర సేకరించెను. ఆ ఉత్సాహముతో నేనును ఒక గట్టు ప్రక్కన గీతలు గల పెంకునొకటి ఏరి జేబులో వేసికొంటిని. ఇరువదియేండ్లకు పైగా అది నా బల్లపై కాగితములు ఎగురకుండ బరువుగా నున్నది. ఏ గట్టో నాకిప్పుడు జ్ఞాపకము లేదు. దాని ప్రక్కన మరేమున్నదో చూడలేదు. దానిని ఏ ప్రదర్శనశాలకైన ఇచ్చినచో, ఎక్కడిదని వారడుగుదురు. నావద్ద జవాబు లేదు. ఆ రైతు మూడు బానలు పగులగొట్టెను, నిజమే. ఆయనకు తెలియదు. నాకు తెలిసియుండవలసినది.

కనుక మన బడిలో పురావస్తువుల బీరువా పెట్టవలెనని కొందరు తల్లిదండ్రులు చేసిన సూచనకు నేను అడ్డు చెప్పితిని. మనము బీరువా పెట్టినచో పిల్లలు దానిని నింపుటకు కొండలు త్రవ్వుదురు. బళ్ళారి పట్టణములోనే ఫూటు దొర పేర సంగనకల్లు పురావస్తు ప్రదర్శనశాల యున్నది. అచటికి పిల్లలను తీసికొనిపోవుదము. పొలములో కుండ కనబడినచో చేయవలసినది స్వల్పము: త్రవ్వుట ఆపుడు, మన్ను మరల కప్పుడు, చోటు గుర్తుపెట్టి బడిలో చెప్పుడు. మేము అధికారులకు వ్రాయుదుము. నిక్షేపము భూమిలో దొరకినచో అధికారులకు తెలుపవలెనని చట్టమే చెప్పుచున్నది. తెలుపక దాచుట నేరము.

"చెప్పితే నా చేను లాగుకుంటారు" అని ఆ రైతు నాతో అనెను. ఇది పిచ్చి భయము గాదు. ఏమియు కాదని నేను ఆయనకు మాట ఇయ్యలేదు, ఇచ్చుటకు నేనెవడను? నాకు తెలిసినది చెప్పితిని: 1958 నాటి చట్టము ప్రకారము కేంద్రప్రభుత్వము ఒక స్థలమును రక్షితస్థలముగా ప్రకటింపదలచినచో రెండు నెలలు ముందుగా ప్రకటన చేసి అభ్యంతరములు వినవలెను, ఒక్క కుండ దొరకినంతనే చేను పోదు. ప్రభుత్వము గూడ ఇట్టి రైతులకు ఈ సంగతి వారి భాషలో వివరించు ఏర్పాటు చేయవలెను. భయపడినవాడు చెప్పడు, చెప్పనివాడు రాత్రిపూట లాంతరు పెట్టుకొని త్రవ్వును.

ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత లేచి, రండని మమ్ము పొలమునకు తీసికొనిపోయి, బానలు తగిలినచోటు కాలితో చూపెను. గుంట ప్రక్కన యంత్రము తాకని మన్నులో మరియొక బాన మూతి వంపు నెలవంకవలె కనబడుచుండెను. బాలుడు అడుగులు వేసి గట్టునుండి దూరము కొలిచి పుస్తకములో వ్రాసికొనెను. తండ్రి దానిపై మన్ను కప్పి, గుర్తుగా ఒక రాయి పెట్టెను. మా కన్నడ పండితులు పురావస్తుశాఖకు ఉత్తరము కన్నడమున వ్రాసిరి. దాని తెలుగుప్రతిని బాలుడు తన చేవ్రాతతో వ్రాయగా బడి దస్తరములో నుంచితిమి. జవాబు ఇంకను రాలేదు. పెంకు ఆ యుత్తరపు నకలుతోగూడ ప్రధానోపాధ్యాయుల బీరువాలో నున్నది. దానిపై కట్టిన చీటిలో "ఎవరిది" అనుచోట బాలుడు ఖాళీ విడిచి, "ఎక్కడిది" అనుచోట సర్వే సంఖ్యయు, గట్టునుండి అడుగులును వ్రాసినాడు.